గోడగారు

పొద్దున్నే గోడ మాట్లాడింది.

"అమ్మా, ఆ బకెట్ అక్కడ పెట్టకు. తీసేయ్."

మెట్ల మలుపులో నిలబడ్డ పెద్దమ్మ ఉలిక్కిపడింది. నీళ్ళ బకెట్ అప్పుడే కింద పెట్టింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో మోకాలు రుద్దుకుంటోంది. తలెత్తి చూసింది. గోడ మీద, పైకప్పుకి కాస్త కిందగా, అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బా. మధ్యలో నల్లటి గాజు కన్ను. కన్ను పక్కన ఎర్ర చుక్క. గొంతు మాత్రం కొడుకుది. కొడుకు అక్కడ లేడు. అప్పటికే ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఊరికి ఆ చివర కుర్చీలో కూర్చుని, ఇంట్లో ఉన్న తల్లితో గోడలోంచి మాట్లాడుతున్నాడు.

"ఎవరి మెట్లురా ఇవి?" అంది పెద్దమ్మ డబ్బాతో.

"అది కాదమ్మా. దారికి అడ్డం. ఎవరైనా తన్నుకుని పడితే మన మీదకి వస్తుంది. మెట్ల మీద సామాను పెట్టకూడదని అందరికీ మెసేజి పెట్టాను. ఇంటివాళ్ళమే పెడితే ఇంక వాళ్ళేం వింటారు?"

"నేనూ దారికి అడ్డంగానే ఉన్నాను. నన్ను కూడా తీసేయమంటావా?"

ఎర్ర చుక్క ఆరిపోయింది. ఆఫీసులో ఎవరో వచ్చి ఉంటారు.

పెద్దమ్మ పళ్ళు కొరికింది. బకెట్ ఎత్తింది. నీళ్ళు తొణికి కాళ్ళ మీద పడ్డాయి. "నీ గోడ కూలా" అని తిట్టబోయి ఆగింది. ఆ గోడ కట్టింది ఆవిడ మొగుడు.

ఆయన తాపీమేస్త్రీ. ఊళ్ళో అందరి ఇళ్ళూ కట్టి, చివరికి తనకంటూ ఒకటి కట్టుకున్నాడు. కింద తాము ఉండటానికి, పైన రెండంతస్తులు అద్దెకి. పూతపని ఎవరి చేతా చేయించలేదు, తనే చేశాడు. ఆ మలుపు గోడ అద్దంలా వచ్చిందని మురిసిపోయాడు. దాని మీద మేకు కొట్టనిచ్చేవాడు కాదు. "క్యాలెండరు కావాలంటే నా వీపుకి తగిలించుకో" అనేవాడు పెళ్ళాంతో. ఆయన పోయాక ఇల్లు చూసుకునే పని కొడుకు మీద పడింది.

కొడుకు చదువుకున్నవాడు. ఇళ్ళకి అప్పులిచ్చే ఆఫీసులో పని. అద్దెల వ్యాపారం ఎలా చేయాలో నేర్పుతారంటే సెలవురోజుల్లో క్లాసులకి పోయాడు. అక్కడ ఏం నేర్పారో గానీ, వచ్చిన దగ్గర్నుంచి ఇంటిని ఇల్లు అనడం మానేశాడు. ఆస్తి అన్నాడు. అద్దెకున్నవాళ్ళని యూనిట్లు అన్నాడు. ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి ఇంకో బిల్డింగు కొన్నాడు. రెండింటినీ ఫోనులోంచే నడపాలని కెమెరాలు పెట్టించాడు. గేటు దగ్గర, మెట్ల మలుపుల్లో, డాబా మీద. నీళ్ళ మోటారు కూడా ఫోనులోంచే వేస్తాడు, ఫోనులోంచే ఆపుతాడు.

బల్లి పాకినా ఆ ఫోను ఊరుకోదు. "కదలిక కనబడింది" అంటుంది అందులోంచి ఒక ఆడగొంతు. అన్నం తింటుంటే కదలిక కనబడుతుంది. భార్య ఏదో చెప్పబోతుంటే కదలిక కనబడుతుంది. అతను ఫోను తీసి చూస్తాడు. చూసి, గోడలోంచి మాట్లాడతాడు. "చెప్పులు వరసలో పెట్టండి." "ఆ తలుపు నెమ్మదిగా వేయండి." "మీ ఇంటికి వచ్చినాయన ఎవరండీ?"

అందుకే అద్దెవాళ్ళు అతనికి పేరు పెట్టారు. గోడగారు.

"గోడగారు లేచారా?" "గోడగారు ఇవాళ కోపంగా ఉన్నారు, పిల్లల్ని లోపలికి పిలవండి." నడి అంతస్తులో ఉండే బస్సు డ్రైవరైతే రోజూ గేటు దగ్గర ఆగి, టోపీ తీసి, కెమెరాకి సలాము కొట్టి మరీ డ్యూటీకి పోయేవాడు. మొదట్లో కొడుక్కి అది మర్యాదలా కనిపించింది. "చూశావా, డ్రైవరు ఎంత పద్ధతిగా ఉంటాడో" అని తల్లితో అన్నాడు. పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

ఒక్క చోటు మాత్రం ఏ కెమెరాకీ అందదు. ఇంటి వెనక, నీళ్ళ సంపు ఉన్న మూల. మెట్ల మీద నిలబడి మాట్లాడుకునేవాళ్ళు, డాబా మీద బట్టలారేస్తూ కబుర్లాడేవాళ్ళు మెల్లమెల్లగా అక్కడికి చేరారు. ఎవరూ అనుకుని చేరలేదు. ఎండ పొడకి జరుగుతూ జరుగుతూ నీడలోకి వచ్చినట్టు వచ్చారు. చెయ్యి విరిగిన కుర్చీలు వచ్చాయి. మేస్త్రీ మిగిల్చిపోయిన ఇటుకల వరస ఒకటి ఉంది, అది బల్ల అయింది. పెద్దమ్మకి ముక్కాలిపీట. కోడలు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. మధ్యాహ్నం ఇంటికొస్తే గుమ్మం ఎక్కకుండా ముందు అక్కడికే పోయేది.

ఫోనులో చూసే కొడుక్కి ఇల్లు ప్రశాంతంగా కనిపించింది. మెట్లు ఖాళీ. డాబా ఖాళీ. ఎంత క్రమశిక్షణ వచ్చిందో అని సంతోషించాడు. తర్వాత అనుమానం వచ్చింది. మనుషులు ఇంటి వెనక్కి పోవడం కనబడుతుంది. తిరిగి రావడం ఎంతకీ కనబడదు.

పెద్దమ్మ ఆ రోజు బకెట్‌ని పై వాటా గుమ్మంలో దించింది. అందులో టైలరమ్మ ఉంటుంది. ఒంటరి మనిషి. కుట్టుమిషనే ఆమె తోడు. ఆ మధ్య కడుపుకి ఆపరేషనైంది. బరువు ఎత్తితే కుట్లు ఊడతాయి అన్నాడు డాక్టరు. "ఊరందరికీ కుట్లు వేసేదాన్ని, నా కుట్లకి నేనే భయపడుతున్నా చూడండి" అని తన మీద తనే నవ్వుకునేది.

ఇవాళ నవ్వలేదు. "పెద్దమ్మా, రేపట్నుంచి మీరు తేకండి. మీ అబ్బాయి చూస్తున్నాడు."

"చూడనీ. చూస్తే అరిగిపోతానా?"

"గోడగారు అరవడం ఇక్కడికి వినబడింది."

"వాడు అరిస్తే నువ్వు స్నానం మానేస్తావా? పట్టు, మగ్గుతో ముంచుకో. వంగకు."

అప్పుడే టైలరమ్మ ఫోను కూసింది. ఆమె చూసింది. మొహం మాడిపోయింది.

"ఏంటే?"

"ఏం లేదు పెద్దమ్మా."

"ఏం లేకపోతే మొహం అలా ఎందుకు పెట్టావు? చదువు."

టైలరమ్మ చదివింది. "పై వాటాలో నివసించుచున్నవారు నివాస నియమములు పాటించనందున ఈ నెలాఖరులోగా ఖాళీ చేయవలసినదిగా కోరడమైనది. ఇట్లు, యాజమాన్యం."

"యాజమాన్యమా? అదెవరు?"

"మీ అబ్బాయేనమ్మా."

పెద్దమ్మకి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు భగ్గుమంది.

"గొడవలొద్దు పెద్దమ్మా. నేను వెళ్ళిపోతాను. ఈ పొట్టతో మిషన్ మొయ్యలేను గానీ, ఎవర్నైనా బతిమాలుకుని..."

"నోర్ముయ్. నువ్వు ఎక్కడికీ పోయేది లేదు. నువ్వు గేటు దాటితే నీ వెనకే నేనూ దాటుతాను. నీ మిషన్ నేను మోస్తాను."

గబగబా మెట్లు దిగింది. మోకాలు కలుక్కుమన్నా ఆగలేదు. మలుపులో డబ్బా ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఒరే యాజమాన్యం!" అని కేక పెట్టింది. "ఇంటికి రా!"

ఎర్ర చుక్క వెలగలేదు.

"బకెట్‌కి లేచింది కదా నోరు, ఇప్పుడు లేవదేం? ఇంటికి రారా. గోడవై కాదు, మనిషివై రా!"

డబ్బా చూస్తూ ఉంది. దానికి ఇంకో పని చేతకాదు.

మధ్యాహ్నానికి సంగతి ఇల్లంతా పాకింది. సంపు మూల నిండింది. టైలరమ్మ కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరు టోపీ మోకాలికి తొడిగి కూర్చున్నాడు.

"ఇంతకీ ఏ నియమం తప్పిందట? గట్టిగా ఊపిరి పీల్చిందా?"

"మీరు ఊరుకోండి," అంది అతని భార్య. "రేపు మనకీ వస్తుంది యాజమాన్యం ప్రేమలేఖ. తల దువ్వుకోవాలన్నా ఈ మూలకి వచ్చి చావాల్సి వస్తోంది. మొన్న డాబా మీద జుట్టు విదిలిస్తే 'వెంట్రుకలు తూములో పడతాయండీ' అంది గోడ."

భుజాన బ్యాగు ఇంకా దించని కోడలు పెద్దమ్మ వైపు తిరిగింది. "నాకు తెలియదత్తయ్యా. నాతో ఒక్క మాట అనలేదు."

"నీతో వాడు మాట్లాడి ఎన్నాళ్ళయింది గనక?"

"ఎందుకు మాట్లాడరూ? మొన్న ఒక సంగతి అడగాల్సి వచ్చింది. ఫోను చేస్తే ఎత్తలేదు. డాబా మీదకెళ్ళి కెమెరా ముందు నిలబడ్డాను. వెంటనే పలికారు."

అందరూ నవ్వారు. కోడలు నవ్వలేదు. పెద్దమ్మా నవ్వలేదు.

ఆ నవ్వు ఇంకా పూర్తి కాకుండానే పక్క సందులోంచి చప్పుడైంది. ముందు ఒక నిచ్చెన వచ్చింది. నిచ్చెన వెనక కెమెరాలు బిగించే మనిషి. అతని వెనక కొడుకు.

డ్రైవరు టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. అతని భార్య విప్పిన జుట్టు గబగబా ముడేసుకుంది. కోడలు బ్యాగు సర్దుకుని లేచి నిలబడింది. కొడుకు అది చూశాడు. తనని చూసి సొంత భార్య లేచి నిలబడటం కెమెరా లేకుండా, ఎదురుగా చూశాడు.

"ఇక్కడన్నమాట మీటింగులు," అన్నాడు. గొంతు కటువుగా ఉంది. "అందుకే మెట్లు ఖాళీ." కెమెరాల మనిషికి చెయ్యి చూపించాడు. "అదిగో, ఆ పైపు పక్కన బిగించు. మూల మొత్తం పడాలి."

"నిచ్చెన వేశావో, కాళ్ళు విరగ్గొడతాను," అంది పెద్దమ్మ.

కెమెరాల మనిషి ఆగాడు. "నిచ్చెన కాళ్ళా అమ్మా, నా కాళ్ళా?"

"ఏవి ముందు చేతికందితే అవి."

అతను నిచ్చెనని ఒళ్ళో పిల్లాడిలా పట్టుకుని పక్కకి జరిగాడు.

"అమ్మా, లోపలికి పద. ఇంటి సంగతులు అందరి ముందూ ఎందుకు?"

"వీళ్ళెవర్రా? బజారు వాళ్ళా? ఈ ఇంట్లో ఉండేవాళ్ళు. ఇక్కడే అడుగుతాను. దీన్ని ఖాళీ చేయమంది ఎవరు? నువ్వా, యాజమాన్యమా?"

"నేనే."

"ఏం చేసింది?"

కొడుకు మొహం ఎర్రబడింది. "ఏం చేసిందా? నువ్వు చెప్పకపోతే నాకు తెలియదనుకున్నావా? రోజూ చూస్తున్నాను. బకెట్ మోసుకుంటూ మెట్లెక్కుతావు. ఆమె గుమ్మంలో దించుతావు. దిగుతావు. మళ్ళీ ఎక్కుతావు. అద్దెకున్న మనిషికి ఇంటావిడ నీళ్ళు మొయ్యడమేంటమ్మా? మా నాన్న కట్టిన ఇంట్లో మా అమ్మని పనిమనిషిని చేస్తారా? చేస్తే నేను చూస్తూ ఊరుకోవాలా?"

అది ఉత్తుత్తి కోపం కాదు. అక్కడున్న అందరికీ తెలిసింది. టైలరమ్మ తల దించుకుంది. పెద్దమ్మ మాత్రం మెత్తబడలేదు.

"అందుకా ఖాళీ చేయమంది?"

"అందుకే."

"మరి నియమాలు పాటించనందున అని రాశావేం? మా అమ్మ మీద ప్రేమ కొద్దీ అని రాయాల్సింది."

డ్రైవరుకి దగ్గు వచ్చింది. కొడుకు అతని మీదకి తిరిగాడు.

"నవ్వండి! మీకు అంతా నవ్వులాటే. రెండు బిల్డింగుల అప్పు నా నెత్తి మీద ఉంది, మీ నెత్తి మీద టోపీ ఉంది. నన్ను మీరంతా ఏమని పిలుస్తారో నాకు తెలుసు. గోడగారు. డాబా కెమెరాలో మాటలు కూడా వినబడతాయి."

డ్రైవరు మొహం పాలిపోయింది. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అంతా విని కూడా ఊరుకున్నారా సార్? పాపం."

ఆ పాపం అన్న మాట కొడుక్కి చెంపదెబ్బలా తగిలింది. అప్పుడు టైలరమ్మ తల ఎత్తింది.

"బాబూ, పెద్దమ్మని నేను పని అడగలేదు. నాకు ఆపరేషనైంది. బరువెత్తొద్దన్నారు. ఆవిడే చూసి..."

"ఆపరేషనా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమంటారోనని. మా అక్క నన్ను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన రోజు మలుపులో ఆపారు కదా. ఎవరు మీరు, ఎన్నాళ్ళుంటారు, ఆ సంచీలో ఏముంది అన్నారు. అది గోడని చూసి దడుచుకుంది. మళ్ళీ రాలేదు."

కొడుక్కి గుర్తుంది. సంచీ పట్టుకున్న ఒకావిడ. పక్కన గోడ పట్టుకుని, వంగి నడుస్తున్న టైలరమ్మ. ఎందుకు వంగి నడుస్తోందని అతనికి తోచలేదు. సంచీలో ఏముందో అని తోచింది.

"అయినా పైన కుళాయి ఉంది కదా," అన్నాడు. కోపం ఇంకా ఉంది గానీ నిలబడటానికి చోటు వెతుక్కుంటోంది. "నీళ్ళు మొయ్యడం దేనికి?"

ఈసారి కోడలు మాట్లాడింది. "కుళాయి ఉందండీ. నీళ్ళు లేవు. మీరు పొద్దున్నే ఫోనులోంచి మోటారు కాసేపు వేసి కట్టేస్తున్నారు. మనమూ, నడి అంతస్తు వాళ్ళూ వాడుకునేసరికి టాంకు అడుగంటుతుంది. పై వాటాకి ఏం మిగలదు."

"నాతో చెప్పాలి కదా!"

"అత్తయ్య చెప్పారు. అన్నం వడ్డిస్తూ చెప్పారు. మీరు ఫోను చూస్తూ ఊఁ కొట్టారు."

"కరెంటు వృథా కాకూడదని..."

"కరెంటు వృథా కాలేదు. అత్తయ్య మోకాళ్ళు అయ్యాయి."

కోడలు గొంతు పెంచలేదు. అలా పెంచకుండా మాట్లాడటం కొడుక్కి ఇంకా కష్టంగా ఉంది. పెద్దమ్మ ముక్కాలిపీట మీంచి లేచింది.

"ఫోను తీయి."

"ఎందుకమ్మా?"

"తీయమన్నానా! పొద్దున్నది వేయి. మలుపులోది. నీ కన్ను ఏం చూసిందో నన్నూ చూడనీ."

"ఇప్పుడు అదంతా..."

"వేస్తావా, సంపులో వేసేయనా?"

కొడుకు వేశాడు. కోడలు దగ్గరికి వచ్చింది. డ్రైవరూ, భార్యా మెడలు సాచారు.

ఫోను చిన్న అద్దంలో మెట్లు. పైనుంచి చూస్తున్నట్టు ఉంది. నడినెత్తిన జుట్టు పల్చబడ్డ ఒక ముసలావిడ. రెండు చేతులా బకెట్ పట్టుకుని ఎక్కుతోంది. ప్రతి మెట్టుకీ ఒకటే కాలు ముందు వేస్తోంది. రెండోదాన్ని దాని పక్కకి లాక్కుంటోంది. మలుపులోకి వచ్చి ఆగింది. బకెట్ దించింది. కమ్మీ పట్టుకుంది. మోకాలి మీద చెయ్యి వేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, నోటితో ఊపిరి తీసుకుంది.

అప్పుడు ఫోనులోంచి గొంతు వచ్చింది.

"అమ్మా, ఆ బకెట్ అక్కడ పెట్టకు. తీసేయ్."

నిచ్చెన పట్టుకున్న మనిషి నేల చూపులు చూశాడు.

"చూశావా?" అంది పెద్దమ్మ. "నా మోకాలు కనబడిందా నీకు?"

"కనబడింది," అన్నాడు. "ఇప్పుడు."

"పొద్దున్న?"

"బకెట్ కనబడింది."

ఆ మాట తన నోట్లోంచి రావడం విని అతనే బిత్తరపోయాడు. ఫోను పట్టుకున్న చెయ్యి కిందకి జారింది. ఓడిపోయినవాడిలా కాదు, అన్యాయం జరిగిన పిల్లాడిలా తల్లి వంక చూశాడు.

"నాన్న చెప్పాడు కదమ్మా. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. నువ్వూ అక్కడే ఉన్నావు. పైవాళ్ళని కనిపెట్టుకుని ఉండరా అన్నాడు. నాన్న నాకు అప్పజెప్పింది ఆ ఒక్క పనే. చేశాను. అన్నం తింటూ చూశాను. మంచంలో పడుకుని చూశాను. నిద్ర పట్టక చూశాను. ఒక్కరోజు తప్పలేదు. కనిపెడుతూనే ఉన్నాను కదా! ఇంకేం చేయాలి?"

పెద్దమ్మ అతన్ని తేరిపార చూసింది. అంతసేపూ అరిచిన మనిషి ఇప్పుడు అరవలేదు. ఆ గొంతుకే అందరూ ఎక్కువ భయపడ్డారు.

"చిన్నప్పుడు నీకు జ్వరం తగిలింది. మీ నాన్న పనికి పోకుండా నీ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. రాత్రంతా కన్ను మూయకుండా నిన్ను కనిపెట్టుకుని ఉన్నాడు. గుర్తుందా?"

"ఉంది."

"నువ్వేం ఎత్తుకుపోతావని కూర్చున్నాడురా?"

కొడుకు చేతిలోని ఫోను వంక చూశాడు.

"ఆ మాటే ఆయన నీకిచ్చిపోయింది. మేకు కూడా కొట్టనివ్వని గోడకి చిల్లులు పొడిచి, అందులో ఆయన మాటని కాపలా కుక్కలా కట్టేశావు."

"కదలిక కనబడింది" అంది ఫోను. గేటు ముందు పిల్లి ఏదో పోయి ఉంటుంది. ఎవరూ నవ్వలేదు. అతను ఫోనుని ఇటుకల మీద బోర్లా పెట్టాడు. తనూ ఆ ఇటుకల మీదే కూలబడ్డాడు. మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు అదిరాయి. తండ్రి పోయినప్పుడు కూడా అతను అలా ఏడవలేదు. అప్పుడు పనులున్నాయి.

కోడలు వెళ్ళి పక్కన కూర్చుంది. చెయ్యి వేయలేదు. "ఇక్కడ ఈ చోటు రోజూ ఖాళీగానే ఉంటుందండీ. మీరే రారు."

అతను కళ్ళు తుడుచుకుని టైలరమ్మ వైపు తిరిగాడు. "మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. తప్పయిపోయింది. ఆ మెసేజి..."

"ఏది బాబూ, యాజమాన్యం పంపిందా?" టైలరమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటోంది. "ఆయనెవరో నాకు తెలీదు. నాకు మీరే తెలుసు."

కెమెరాల మనిషి గొంతు సవరించుకున్నాడు. "సార్, మరి నిచ్చెన వేయాలా, వద్దా? చేతులు లాగుతున్నాయి."

"వెయ్యి," అన్నాడు కొడుకు. "ఇక్కడ కాదు. మెట్ల దగ్గర. మలుపుల్లోవి, డాబా మీదది విప్పేయ్."

"గేటుది ఉండనీండి సార్," అన్నాడు డ్రైవరు. "నా స్కూటరు అక్కడే పెడతాను. పైగా పొద్దున్నే సలాము కొట్టకపోతే నా బస్సు కదలదు."

తర్వాత వచ్చిన సెలవురోజున కొడుకు తండ్రి తాపీ వెతికి తీశాడు. సిమెంటు కలిపి మలుపు గోడకి పడ్డ చిల్లులు పూడ్చాడు. గడ్డలు గడ్డలుగా, వంకరగా వచ్చింది. పెద్దమ్మ కింది మెట్టు మీద నిలబడి చూసింది.

"మేస్త్రీ కొడుకువని బయట ఎక్కడా చెప్పకు" అని లోపలికి పోయింది.

మోటారుకి మళ్ళీ స్విచ్చి వచ్చింది. ఎవరికి నీళ్ళు కావాలంటే వాళ్ళే వేసుకుంటున్నారు. పెద్దమ్మ కోపం మాత్రం దిగలేదు. కొడుక్కి అన్నం పెట్టేది. ఊఁ, ఆఁ అనేది. అంతే. అతను సాయంత్రాలు సంపు మూలకి వచ్చి ఇటుకల మీద కూర్చునేవాడు. మొదట్లో ఎవరికీ మాటలు సాగలేదు. డ్రైవరు "గోడగారికి కాస్త జరగండి" అన్న రోజున అతనే ముందు నవ్వాడు. ఆ తర్వాత ఫరవాలేదనిపించింది.

ఒక పొద్దున్న కరెంటు పోయింది. మోటారు లేదు. పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండా సంపులో బకెట్ ముంచుకుని మెట్లెక్కింది. మలుపులో ఆగింది. బకెట్‌ని సరిగ్గా దారికి అడ్డంగా, నడిమధ్యన, చప్పుడయ్యేలా పెట్టింది. నడుం మీద చెయ్యేసుకుని గోడ వంక చూసింది. వంకర సిమెంటు గడ్డలు తప్ప అక్కడేం లేదు. గోడ మాట్లాడలేదు.

కింద నుంచి గొంతు వచ్చింది.

"అమ్మా, ఆ బకెట్..."

పెద్దమ్మ గిరుక్కున తిరిగింది. "ఏం? తీసేయాలా?"

కొడుకు మెట్లెక్కి వస్తున్నాడు. ఆఫీసు బట్టల్లో ఉన్నాడు. ఒక కాలికే బూటు ఉంది.

"ఉండనీ. నేను తీసుకెళ్తా. నువ్వు కూర్చో."

"నాకింకా కోపం తగ్గలేదు."

"తెలుసు. కూర్చుని కోప్పడు."

ఆవిడ ఒక్క క్షణం అతన్ని కొరకొరా చూసింది. తర్వాత కమ్మీ పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. అతను బకెట్ ఎత్తాడు. మొదటి అడుగులోనే నీళ్ళు తొణికి ప్యాంటు తడిసింది.

"రెండు చేతులా పట్టుకో. మెల్లగా. బూటు లేని కాలు జారుతుంది, చూసుకో."

"ఊఁ."

"ఊఁ కొట్టకు. చూసుకో."

అతను మలుపు తిరిగి పైకి పోయాడు. కనబడటం లేదు. పెద్దమ్మ మోకాలి మీద చెయ్యి వేసుకుని, తల పైకెత్తి, పై గుమ్మంలో బకెట్ దించిన చప్పుడు వినబడేదాకా కనిపెట్టుకుని కూర్చుంది.